ముప్ఫై ఆరుకు తోడు

పైపుల యార్డు మేస్త్రికి ముప్ఫై ఆరు అనే అంకె మీద ఉన్నంత ప్రేమ కట్టుకున్న భార్య మీద కూడా లేదని యార్డులో అందరూ నవ్వుకునేవారు. భార్య మాత్రం నవ్వేది కాదు. అది ప్రేమ కాదని, ప్రాణావసరమని లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

యార్డంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. చుట్టూ రేకుల గోడ, లారీ వచ్చి తిరగడానికి సరిపడా మట్టి నేల, ఓ మూల గుమాస్తా గది, ఆ గదికో కిటికీ. ఫ్యాక్టరీ నుంచి ఇనప పైపులు కట్టలుగా వస్తాయి. అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు, చుట్టూ బిగించిన పట్టీ. చివర నుంచి చూస్తే చక్కటి చతురస్రం. ఆ పట్టీ కోసి పైపుల్ని నేల మీద గుట్టగా పేర్చడం మేస్త్రి పని. గుండ్రటి పైపులు పట్టీ లేకుండా ఒకదాని నెత్తిన ఒకటి నిలబడవు, దొర్లిపోతాయి. అందుకని అడుగున ఎనిమిది పరిచి, రెండు చివర్లా చెక్క దిమ్మలు బిగించి, ఆ పైపుల సందుల్లో ఏడు, ఆపైన ఆరు, ఆపైన అయిదు, ఇలా తగ్గించుకుంటూ పోతే అన్నిటికన్నా పైన ఒకే ఒక్కటి నిలుస్తుంది. చతురస్రంగా వచ్చిన కట్ట ఒక్క పైపు మిగలకుండా, ఒక్క పైపు తగ్గకుండా త్రికోణంగా మారి కూర్చుంటుంది.

అన్ని సంఖ్యలకూ ఈ యోగం లేదు. పాతిక పైపుల్ని అయిదైదులుగా భేషుగ్గా కట్టొచ్చు, గుట్ట పేర్చబోతే నాలుగు మిగిలిపోతాయి. పదిహేనైతే గుట్ట బ్రహ్మాండంగా కుదురుతుంది, చతురస్రం చేద్దామంటే ఒకటి తగ్గి ఏడిపిస్తుంది. అక్కడా ఇక్కడా మర్యాదగా సర్దుకుపోయేది ముప్ఫై ఆరు ఒక్కటే. ఆ మాటకొస్తే ఒకటి కూడా అలాంటిదే కదా అని ఎవరైనా తెలివితేటలు చూపిస్తే, ఒక్క పైపుని గుట్ట అనేవాణ్ని యార్డులోకే రానివ్వకూడదని మేస్త్రి కొట్టిపారేసేవాడు.

లారీ వస్తుంది, పట్టీ తెగుతుంది, మేస్త్రీ కూలీలూ కలిసి గుట్ట పేరుస్తారు. పైన ఒక్కటి కుదురుగా నిలవగానే “ముప్ఫై ఆరు, సరి” అని మేస్త్రి కిటికీ వైపు తిరిగి కేక పెడతాడు. లోపల ఫ్యాను కింద గుమాస్తా తలెత్తకుండా రాసుకుంటాడు. పైన నిలవాల్సింది లేకపోతే దారిలో ఎక్కడో ఒక పైపు దిగిపోయినట్టు. ముప్ఫై ఒక్క ఏళ్లలో అలాంటివి నాలుగుసార్లు పట్టుకున్నాడు మేస్త్రి. నాలుగుసార్లూ లారీ డ్రైవర్లు గొడవకి దిగి, తామే లెక్కపెట్టుకుని, తల దించుకుని వెళ్లారు. కొనేవాళ్లకి ఇచ్చేటప్పుడూ ఇదే పద్ధతి. పది కావాలంటే పైనుంచి నాలుగు వరసలు, పదిహేను కావాలంటే అయిదు వరసలు. ఎవరైనా పన్నెండు అడిగారో, మేస్త్రి మొహం మాడ్చుకునేవాడు. పదో పదిహేనో తీసుకోకుండా మధ్యలో ఈ పన్నెండేమిటని గొణిగి, నాలుగు వరసలూ దింపి, ఇంకో రెండు దయచేసేవాడు.

ఇంత చకచకా లెక్కపెట్టే మనిషి మరొకడు లేడని మేస్త్రికి పేరు. అసలు సంగతేమిటంటే మేస్త్రికి లెక్కపెట్టడం రాదు.

చిన్నప్పుడు బడికి వెళ్లాడు. అంకెలు ఇరవై దాకా బుద్ధిగా వరసలో వచ్చేవి. ఆ తర్వాత వాటికి ఏమయ్యేదో ఏమో, ముప్ఫైకి ముందు యాభై వచ్చి నిలబడేది, నలభై అసలు కనబడేదే కాదు. పంతులు బెత్తంతో వాటిని వరసలో పెట్టాలని చూశాడు. బెత్తం విరిగింది, వరస కుదరలేదు. చదవడం, సంతకం పెట్టడం మాత్రం వచ్చాయి. యార్డులో కూలీగా చేరినప్పుడు పాత మేస్త్రి గుట్ట పేర్చడం నేర్పుతూ, పైన ఒకటి నిలిస్తే దాన్ని ముప్ఫై ఆరంటారు అని చెప్పాడు. మన మేస్త్రి పాలిట అది వరమై కూర్చుంది. మనిషి పేరు తెలియడానికి మనిషిని లెక్కపెట్టనక్కర్లేదు కదా, ఇదీ అంతే అనుకున్నాడు. ఆ ఒక్క పేరుతో కూలీ నుంచి మేస్త్రి అయ్యాడు, ముప్ఫై ఒక్క ఏళ్లు నెట్టుకొచ్చాడు. ఇంట్లో లెక్కలన్నీ భార్య చూసుకునేది. ఆవిడ బట్టలు కుట్టేది. ఆవిడ లెక్కలు కూడా టేపు మీద అరవై అంగుళాల దాకానే. అంతకు మించిన నడుము తన దగ్గరికి ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆపైన తెలుసుకోవలసిన పని పడలేదనేది.

ఇలా కడుపులో చల్ల కదలకుండా సాగుతున్న రోజుల్లో యార్డుకి కొత్త అధికారి వచ్చింది. వచ్చింది ఎవరో కాదు, మేస్త్రి సొంత అక్క కూతురు. మేనకోడలు తనకే అధికారి అయిందని మేస్త్రి ఒక పక్క ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఇంకో పక్క లోలోపల బిక్కుబిక్కుమంటూనే ఉన్నాడు. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ లెక్కలంటే మంచినీళ్ల ప్రాయం. అయిదేళ్లప్పుడే మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కి, మావయ్యా నువ్వు కూడా లెక్కపెట్టు అని చెయ్యి పట్టుకు లాగేది. మేస్త్రి మోకాళ్ల నొప్పని చెప్పి కిందే ఉండిపోయేవాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు కూడా లేవు.

యార్డులో నలుగురి ముందూ ఆ అమ్మాయి ‘మేస్త్రి గారూ, మీరు’ అనేది. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకునేటప్పుడు మాత్రం ‘మావయ్యా, నువ్వు’ అనేది. ఆ నలుగురి ముందే, ‘మీరు’ అంటూనే, ఓ రోజు పిడుగులాంటి కబురు చెప్పింది. వచ్చే నెల నుంచి ఫ్యాక్టరీ వాళ్లు పెద్ద లారీలు పెడుతున్నారు. ఇకపై కట్టకి ఆరార్లు కాదు, ఏడేడులు. అడ్డం ఏడు, నిలువు ఏడు.

మేస్త్రి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. లోపలే పట్టీ కోసి, లోపలే గుట్ట పేర్చి చూసుకున్నాడు.

“అది గుట్టకి రాదమ్మా. తొమ్మిది వరసలు పోగా నాలుగు మిగులుతాయి,” అన్నాడు.

అంత వేగంగా చెప్పినందుకు కూలీలు మురిసిపోయారు. మేనకోడలు కూడా మెచ్చుకుంది. మెచ్చుకుని, అసలు కష్టం అక్కడే ఉందని చెప్పింది. మిగులు ఉన్నప్పుడు గుట్ట వైపు చూసి సరి అనేస్తే కుదరదు. అందుకని కొత్త కాయితం ఒకటి తయారు చేయించింది. ఇకనుంచి మేస్త్రి గారు డ్రైవర్ ఎదురుగా ఒక్కో పైపునీ చేత్తో ముట్టుకుని, అందరికీ వినబడేలా ఒకటి నుంచి పైకి లెక్కపెట్టి, ఆ కాయితం మీద సంతకం పెట్టాలి.

మేస్త్రి చెవిలో ఆ ‘వినబడేలా’ ఒక్కటే నిలిచింది. అందరికీ వినబడేలా అంటే కూలీలకీ, డ్రైవర్లకీ, కిటికీలోని గుమాస్తాకీ, తను ఎత్తుకు పెంచిన పిల్లకీ వినబడేలా. ఇరవై దాటాక తన నోట్లోంచి ఏ అంకె ఊడిపడుతుందో తనకే తెలియదు. ఒక్క లారీ చాలు, ముప్ఫై ఒక్క ఏళ్ల పరువు అక్కడికక్కడే దొర్లిపోతుంది. మధ్యాహ్నం క్యారేజీ ముందు కూర్చుని, అన్నం కెలుకుతూ, ఏడేడులు మంచిది కాదని, ఆరార్లలో ఉన్న అందం వేరని ఏదేదో చెప్పుకొచ్చాడు. మావయ్య చాదస్తం ఎరిగినదే కాబట్టి మేనకోడలికి నవ్వొచ్చింది.

“అయితే ఆరార్లలాగా రెండు రకాలుగానూ కుదిరేది ఇంకోటి వెతికిపెట్టు మావయ్యా. ఫ్యాక్టరీ వాళ్లతో ఆ కట్టే కట్టిస్తాను, నీ మీదొట్టు.”

ఆ అమ్మాయి ఆ మాట అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది, సాయంత్రానికి మరిచిపోయింది కూడా. మేస్త్రి మాత్రం దాన్ని రాతపూర్వకమైన ఒప్పందంలా నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్లాడు. ఎదుటివాళ్లు నవ్వుతూ అన్నదాన్ని కూడా నిజమని నమ్మడం అతనికి మొదటి నుంచీ ఉన్న రోగమే.

మేస్త్రి ఇంట్లో మంచం కింద మూడు డబ్బాల నిండా పాత వాషర్లు ఉండేవి. యార్డులో ఫిట్టర్లు పారేసిన గుండ్రటి ఇనప బిళ్లలు. ఎందుకు పోగేస్తున్నావయ్యా అని భార్య అడిగినప్పుడల్లా పనికొస్తాయిలే అనేవాడు. ఇన్నేళ్లకి పనికొచ్చాయి. కుట్టుమిషను గోడకి జరిపి, నేల మీద వాషర్లు పరిచాడు. ఆరార్లుగా చతురస్రం పేర్చాడు. దాన్ని చెరిపి ఎనిమిది వరసల త్రికోణం చేశాడు. కుదిరింది. అది తెలిసిందే. ఇక తెలియనిది మొదలుపెట్టాలి.

మొదట్లో ప్రతి చతురస్రాన్నీ కొత్తగా పేర్చి, మళ్లీ చెరిపి త్రికోణం చేశాడు. రెండు సాయంత్రాలయ్యాక అతని చేతులకి ఒక సంగతి తెలిసింది. చతురస్రాన్ని ఒక మెట్టు పెంచాలంటే మొత్తం కదపక్కర్లేదు, రెండు పక్కలా అంచు కడితే చాలు. ఆ అంచుకి ఎన్ని వాషర్లు పడతాయో, దాని తర్వాతి అంచుకి సరిగ్గా ఇంకో రెండు ఎక్కువ పడతాయి. ఎప్పుడు చూసినా రెండే. అందుకని అంచు వాషర్లని ఓ తీగకి గుచ్చి పెట్టుకున్నాడు. ప్రతిసారీ తీగకి ఇంకో రెండు గుచ్చుతాడు, తీగ పొడుగునా ఎన్నుంటే అన్ని డబ్బాలోంచి ఏరి త్రికోణం అడుగున వరసలు కడతాడు. ఆఖరి వరస అటూ ఇటూ అంచుకి సరిపోయిందా, దొరికినట్టు. లెక్కపెట్టవలసిన పనే లేదు. లెక్కలు రానివాడు కాబట్టే ఇలాంటి దారి తొక్కాడు గానీ, వచ్చినవాడైతే కాయితం మీద ఏవో గీతలు గీసి రెండో రోజుకే విసుగొచ్చి మానేసేవాడు.

పదకొండు పదకొండుల దగ్గర ప్రాణం లేచొచ్చింది. పదిహేను వరసలు నిండుగా కుదిరాయి. తీరా చూస్తే ఒక్క వాషరు మిగిలింది. మేస్త్రి దాన్ని ఒక్కో వరస చివరా పెట్టి చూశాడు. పద్దెనిమిది పద్దెనిమిదుల దగ్గర ఇంకో అన్యాయం జరిగింది. ఆఖరి వరసకి ఒక్కటంటే ఒక్కటి తగ్గింది. వాషరు ఎక్కడో పడిపోయిందని ఇల్లంతా వెతికాడు. మంచం లాగాడు, చాప దులిపాడు, కుట్టుమిషను కాలు ఎత్తి చూశాడు. చివరికి భార్యని అనుమానించాడు. ఆవిడకి ఒళ్లు మండి, ఆ త్రికోణం మొత్తం తనే చెరిపి, పద్దెనిమిది పద్దెనిమిదులుగా చతురస్రం పేర్చి చూపించింది. నాలుగు మూలలూ నిండాయి. పోయింది ఏమీ లేదు, ఆ సంఖ్యకి పుట్టుకతోనే ఒకటి తక్కువ. మేస్త్రి సిగ్గుపడి, క్షమించమనడం రాక, ఆ పూట అంట్లు తోమాడు.

ఇరవై మూడు ఇరవై మూడుల దగ్గర మళ్లీ ఒకటి మిగిలింది. అప్పటికి నెల సగం దాటింది. మొగుడి మొహం చూసి భార్యకి జాలేసింది.

“ఆ ఒక్కటీ జేబులో వేసేసుకోవయ్యా, ఎవరు చూస్తారు,” అంది.

మేస్త్రికి ఎక్కడలేని కోపం వచ్చింది. అది మోసమన్నాడు. వాషరు చిన్నదైనా మోసం చిన్నది కాదన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా రాని లెక్కలు వచ్చినట్టు నెగ్గుకొచ్చిన పెద్దమనిషి ఒక్క ఇనప బిళ్ల దగ్గర ఇంత నీతి చెబుతుంటే ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఆ తర్వాత త్రికోణం బాగా బలిసింది. గదిలో నడవాలంటే గోడ పట్టుకుని పక్కగా నడవాల్సి వచ్చేది. బట్టలు ఇవ్వడానికొచ్చిన వాళ్లు గడప దగ్గరే నిలబడి కొలతలిచ్చేవారు. ఇదేమిటని అడిగితే ‘మా ఆయన మొక్కు’ అని భార్య తప్పించుకునేది. మూడు డబ్బాలూ అడుగంటాయి. మేస్త్రి దిగాలుగా ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టి తిప్పుతుంటే, ఆవిడ మారు మాట్లాడకుండా గుండీల పెట్టె తెచ్చి ముందు పెట్టింది. కోటు గుండీలు, చొక్కా గుండీలు, ఏ జతకీ చెందని ఒంటరి గుండీలు. ఇనప వరసల కింద రంగురంగుల వరసలు బయలుదేరాయి. ఆవిడ కూడా పక్కనే చతికిలబడి, అంచుల్ని స్కేలుతో సరిచేస్తూ కూర్చునేది. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ అంతంతసేపు ఒకే పని చేస్తూ కూర్చోవడం అదే మొదటిసారి. మేస్త్రి ఆ మాట పైకి అన్నాడు కూడా. ఆవిడ సిగ్గుపడి, గుండీలు జాగ్రత్త, తిరిగివ్వాలి అంది.

ఏడేడుల కట్టలు సోమవారం దిగుతాయనగా ఆదివారం సాయంత్రం మేస్త్రి తీగ కోసం విడిగా దాచుకున్న వాటిలో ఆఖరి రెండు వాషర్లు గుచ్చాడు. అది ముప్ఫై అయిదు ముప్ఫై అయిదుల మెట్టని మనకి తెలుసు, అతనికి తెలియదు. అతనికి తెలిసిందల్లా తీగ మీది వాషర్ల వరస తన జానెడు దాటిందని. ఒక్కో గుండీ పెడుతూ పోయాడు. ఒక వరస నిండి రెండోది మొదలైంది. రెండో వరస ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి కుడి అంచుకి చేరాడు. తీగ మీద ఆఖరి వాషరుకి జోడీగా ఆఖరి గుండీ పెట్టాడు. అది వరస చివర, సరిగ్గా అంచు మీద కూర్చుంది. మిగల్లేదు. తగ్గలేదు.

నమ్మకం కుదరక ఇద్దరూ కలిసి మొత్తం చెరిపి చతురస్రం పేర్చారు. నాలుగు మూలలూ నిండాయి. మళ్లీ చెరిపి త్రికోణం పేర్చారు. పైన ఒక వాషరు, అడుగున నిండు వరస. మేస్త్రికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు. భార్య అతన్ని కాసేపు ఏడవనిచ్చి, పక్కింటివాళ్ల ఫోనులో మేనకోడల్ని పిలిపించింది.

మేనకోడలు వచ్చి, గడపలోనే ఆగిపోయింది. మేస్త్రి చిన్నపిల్లాడిలా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, నెల రోజుల కథంతా చెప్పాడు. తీగ చూపించాడు, మిగిలిన ఒకటీ తగ్గిన ఒకటీ చెప్పాడు, ఇది రెండు రకాలుగానూ కుదిరిందని చెప్పాడు. ముప్ఫై ఆరుకి ఇన్నాళ్లకి ఒక తోడు దొరికిందన్నాడు. ఆ ఊపులోనే అడిగేశాడు.

“దీని పేరేంటే అమ్మాయ్?”

ఆ అమ్మాయి అడుగు వరస లెక్కపెట్టింది. నలభై తొమ్మిది. మనసులో ఏదో గుణించుకుంది.

“పన్నెండొందల పాతిక,” అంది.

“పన్నెండొందల పాతిక,” అన్నాడు మేస్త్రి, కొత్తగా పుట్టిన బిడ్డని పేరు పెట్టి పిలిచినట్టు. ఇంకోసారి కూడా అన్నాడు.

మేనకోడలికి ముందు నవ్వొచ్చింది. పన్నెండొందల పాతిక పైపుల కట్ట మోసే లారీ భూమ్మీద ఇంకా పుట్టలేదు మావయ్యా, అంది. ముప్ఫై ఆరుకీ దీనికీ మధ్య ఇంకేదీ లేదా అని అడిగింది. లేదు, అన్నీ చూశాను అన్నాడు మేస్త్రి. అప్పుడు ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. నేల మీద పరిచినదాన్నీ, తీగనీ, మావయ్య మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

“నువ్వు పేర్చినదాన్ని నువ్వు లెక్కపెట్టుకోలేదా?”

మేస్త్రి తీగ అందుకుని వాషర్లు సర్దడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి అత్తయ్య వైపు చూస్తే, అత్తయ్య కుట్టుమిషను మీద లేని దుమ్ము తుడుస్తోంది.

“వస్తే నిన్నెందుకు అడుగుతానే,” అన్నాడు చివరికి.

మెట్లూ, మోకాళ్ల నొప్పీ, కిటికీ వైపు పెట్టే కేకా అన్నీ ఆ అమ్మాయికి ఒక్కసారిగా అర్థమయ్యాయి. తన కొత్త కాయితం తలుచుకుని తల కొట్టేసినట్టయింది. రేపే ఆ కాయితం చింపేస్తానని, లెక్క తను చూసుకుంటానని, ఎవరికీ తెలియక్కర్లేదని గబగబా చెప్పింది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. నెల క్రితమైతే ఆ మాటకి కాళ్లు పట్టుకునేవాడే. సిగ్గు ఇప్పటికీ ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ నెల రోజులు మోకాళ్ల మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండా తనంతట తనే ఒకదాన్ని పట్టుకున్నాడు. దాని ముందు ఆ సిగ్గు కొంచెం చిన్నబోయింది.

“రేపు నేనే చెప్పుకుంటాను,” అన్నాడు.

సోమవారం పొద్దున్నే లారీ వచ్చింది. పట్టీ తెగింది. గుట్ట లేచింది. అడుగున తొమ్మిది, పైన ఒకటి, పక్కన నేల మీద నాలుగు. డ్రైవర్ కాయితం కోసం వచ్చి నిలబడ్డాడు. కూలీలు చేతులు దులుపుకుంటూ చుట్టూ చేరారు. కొత్త పద్ధతి ఎలా ఉంటుందో చూడాలని గుమాస్తా కిటికీలోంచి మెడ బయటపెట్టాడు. మేనకోడలు కాయితం పట్టుకుని మేస్త్రి పక్కనే నిలబడింది.

మేస్త్రి ఎప్పుడూ కేక పెట్టే గొంతుతోనే మొదలుపెట్టాడు.

“నాకు ఇరవై దాటి లెక్కపెట్టడం రాదు. ఎప్పుడూ రాలేదు. ఇక్కడ తొమ్మిది వరసలున్నాయి, పక్కన నాలుగున్నాయి. అంతకన్నా ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. దాన్ని ఏమంటారో అమ్మాయి రాసుకుంటుంది.”

ఎవరూ నవ్వలేదు. ఏం చెయ్యాలో తెలియక ఒక కూలీ దిమ్మని కాలితో సర్దాడు. ముందుగా తేరుకున్నది గుమాస్తా.

“మరి ఇన్నేళ్లూ ముప్ఫై ఆరు, ముప్ఫై ఆరని అరిచావు కదయ్యా?”

“దాని పేరు అదేనని పాత మేస్త్రి చెప్పారండీ,” అన్నాడు మేస్త్రి. “పేరు పెట్టి పిలిచాను.”

గుమాస్తా చేతిలోని కలం కింద పెట్టాడు. పందొమ్మిదేళ్లుగా ఆ కేక విని, తలెత్తకుండా రాసుకున్న మనిషి అతను. తను లెక్కపెట్టలేదు. మేస్త్రీ లెక్కపెట్టలేదట. ఇక ఆ పుస్తకాల్లో ఉన్నదంతా ఎవరు లెక్కపెట్టినట్టు? పందొమ్మిదేళ్లలో మొట్టమొదటిసారి కుర్చీ వదిలి, తలుపు తీసుకుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలోకి వచ్చాడు. ఇకమీదట తనే చూసుకుంటానన్నాడు. జేబులోంచి పెన్సిలు తీసి, ఒక్కో పైపు మూతినీ పెన్సిలుతో తడుతూ, పెదాలు కదుపుతూ, గుట్ట మొత్తం చుట్టి వచ్చాడు.

“నలభై ఎనిమిది,” అన్నాడు విజయంగా.

డ్రైవర్ మొహం మాడింది. మేస్త్రి గుట్ట వైపు ఒక్కసారి చూశాడు.

“ఒకటి వదిలేశారండీ. మళ్లీ చూడండి.”

గుమాస్తా మళ్లీ చూశాడు. ఈసారి యాభై వచ్చాయి.

“ఇప్పుడు ఒకదాన్ని రెండుసార్లు ముట్టుకున్నారు,” అన్నాడు మేస్త్రి, చాలా మర్యాదగా.

గుమాస్తా చొక్కా వీపుకి అంటుకుపోయింది. మూడోసారి పైనుంచి మొదలుపెట్టాడు. పైకి వినబడేలా, ఒక్కో పైపు మీదా వేలు పెడుతూ లెక్కపెట్టాడు. నలభై తొమ్మిది వచ్చాక మేస్త్రి మొహంలోకి చూశాడు, అవునా కాదా అన్నట్టు. మేస్త్రి తల ఊపాడు. మేనకోడలు మాత్రం గుమాస్తా తన గది దాటి బయటికి రాకముందే ఆ కాయితం మీద నలభై తొమ్మిది అని రాసి, కింద మావయ్య చేత సంతకం పెట్టించేసింది.